అప్పుల చిట్టా ఇద్దరు కూర్చుండి వ్రాయవలెను

ప్రత్తి తీతలు ముగిసి, ఎరువుల కొట్టు బాకీ, బ్యాంకు గడువు, కౌలు డబ్బు ఒక్కసారిగా మీదికి వచ్చు రోజులలో కొందరు రైతులలో ఒక మార్పు కనబడును. కోడికూతతో లేచి పొలమునకు పోవు మనిషి ప్రొద్దెక్కిన వరకు మంచము దిగడు. బ్యాంకునుండి వచ్చిన కాగితమును విప్పి చూడక చూరులో దోపును. ఫోను మ్రోగిన ఉలికిపడును. నలుగురు కూర్చున్న రచ్చబండ దగ్గరకు పోవుట మానును. ఇరుగుపొరుగువారు అతడు సోమరి అయినాడనియో, అప్పులవారికి మొగము చాటు చేయుచున్నాడనియో అనుకొందురు. పెక్కు సందర్భములలో అది సోమరితనము కాదు, జబ్బు. అప్పు, ఈ జబ్బు కలిసి వచ్చినప్పుడు రైతు ఎవరిని ఆశ్రయింపవలెనో, ఏ పని ముందు చేయవలెనో ఇచ్చట వివరింపబడుచున్నది.

పైరుల సాగు బోధించువారికి ఈ విషయముతో పని యేమని కొందరు అడుగవచ్చును. రాత్రులు నిద్రలేని మనిషికి విత్తన శుద్ధి గురించియు, ఎరువుల మోతాదు గురించియు ఎంత చెప్పినను చెవికెక్కదు. చెప్పిన సలహా పాటింపని రైతును మావంటివారు చాలకాలము ‘ఆసక్తి లేనివాడు’ అని నివేదికలలో వ్రాసి ఊరకుంటిమి. అది మా పొరపాటు.

నష్టము వచ్చినప్పుడు నాలుగు రోజులు దిగులు పడుట సహజమే. కాని దిగులు రెండు వారములకు పైగా విడువక యుండుట, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మరల నిద్ర పట్టకుండుట, అన్నము సయించకుండుట, ఇష్టమైన పనిమీద కూడ మనసు పోకుండుట, ప్రతి చిన్నదానికి తన్ను తాను నిందించుకొనుట, చిన్న లెక్క కూడ తేలక తల బరువెక్కుట కనబడినచో దానిని మనోవ్యాకులతగా అనుమానించి వైద్యునికి చూపవలెను. ఈ జబ్బునకును అప్పునకును గల సంబంధమును రైతులు బాగుగా గుర్తింపవలెను. అప్పు నిద్రను చెరచును. నిద్రలేని బుద్ధి తప్పుడు లెక్క వేయును. ఆ లెక్కను నమ్మి చేసిన కొత్త అప్పు పాతదానికంటె చెడ్డదగును. కావున ముందు అప్పు తీరనిమ్ము, తరువాత వైద్యము చూతమని వాయిదా వేయరాదు. రెండును ఒకే వారములో మొదలు పెట్టవలెను.

వైద్యము సంగతి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని డాక్టరుతో ‘నిద్ర పట్టుట లేదు, మనసు బాగుండుట లేదు’ అని చెప్పిన చాలును. అవసరమైనచో వారే జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు పంపుదురు. ఆసుపత్రికి పోవుటకు వెనుదీయువారు ముందుగా ఇంటినుండియే 14416 నంబరునకు ఫోను చేయవచ్చును. ఇది కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవ. రాత్రింబగళ్ళు ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు. మందు వ్రాసియిచ్చినచో అది తలనొప్పి మాత్రవలె గంటలో పనిచేయదు. గుణము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కరికి ఇంకను ఎక్కువ పట్టును. పది రోజులు వాడి ‘ఏమియు లేదు’ అని మానివేయువారును, కొంచెము కుదుటపడగానే మానివేయువారును చాలమంది. డాక్టరు చెప్పువరకు మానరాదు. నిద్రకై సారాయి, బ్రాందీ పుచ్చుకొనుట జబ్బును ముదిరించును.

ఇంటివారు ఒక్క విషయములో ఆలస్యము చేయరాదు. ‘నేను లేకున్న మీరు సుఖపడుదురు’ అను మాట నోట వచ్చినను, అకారణముగ అందరికి అప్పగింతలు పెట్టుచున్నను, చనిపోవలెనని తోచుచున్నదా అని సూటిగా, మెల్లగా అడుగవలెను. అట్లడిగిన లేని ఆలోచన పుట్టునను భయము సరికాదు. అడిగినందువలన గుండె బరువు దిగి మనసు విప్పువారే హెచ్చు. ఔనన్నచో ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. 14416కు ఫోను చేయవలెను. ప్రమాదము తొందరగా ఉన్నచో 108 వాహనములో ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పురుగు మందుల విషయము వ్యవసాయ శాఖవారు చెప్పవలసినదే: మందులను పడక ఇంటిలోను, పశువుల కొట్టములోను పెట్టక, ఆ వారము చల్లుటకు కావలసినంతయే కొని, మిగిలినది తాళము వేసిన పెట్టెలో ఉంచి, తాళపుచెవి వేరొక ఇంట పెట్టవలెను. మనసు కలత పడిన ఇంటిలో అసలు నిలువ ఉంచకుండుటయే మేలు. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిపై కేసు పెట్టుదురను జంకుతో ఆసుపత్రికి తీసికొనిపోనివారు ఇంకను ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగానే భావించవలెనని, అతనికి వైద్యము చేయించుట ప్రభుత్వ బాధ్యత అని చెప్పుచున్నది.

తాను పోయిన అప్పు కూడ పోవునని కొందరు లోలోపల అనుకొందురు. అది పోదు. అప్పులవారు భార్యాబిడ్డల వద్దకు వత్తురు. ఏ నోటు ఎవరిది, ఎంత చెల్లినది తెలియని వారితో బేరమాడుట వారికి సుళువు కూడ. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులని న్యాయము చెప్పుచున్నను, ఆ సంగతి ఇంటి గుమ్మములో గట్టిగా చెప్పగల మనిషి అప్పుడు ఆ ఇంట ఉండడు.

ఇక అప్పుల చిట్టా. దీనిని రోగి ఒక్కడే, అందులోను రాత్రిపూట, వ్రాయరాదు. భార్యయో, బావమరిదియో, చదువుకొన్న కూతురో, నమ్మకమైన స్నేహితుడో ప్రక్కన కూర్చుండి, ఉదయము అన్నము తిన్న తరువాత వ్రాయవలెను. అప్పిచ్చినవానిని మాత్రము ఈ పనికి పిలువరాదు. ఒక తెల్లకాగితముపై ఎవరికి, అసలు ఎంత, నూటికి వడ్డీ ఎంత, ఎప్పుడు తెచ్చినది, గడువు ఎప్పుడు, ఏమి తాకట్టు ఉన్నది, ఇంతవరకు ఎంత చెల్లినది అను గళ్ళు గీయవలెను. చూరులోని కాగితములను దించి ప్రక్కవాడు చదువవలెను. రైతు వినిన చాలును. ఒక పూటలో తేలకున్న మరునాడు చూడవచ్చును.

వడ్డీనంతటిని సంవత్సరపు వడ్డీగా మార్చి చూచినగాని నిజము బయటపడదు. నూటికి రెండు రూపాయలనగా సంవత్సరమునకు 24 శాతము. మూడు రూపాయలనగా 36 శాతము. ఉదాహరణకు రెండెకరముల సొంత భూమి, మూడెకరముల కౌలు గల ఒక రైతు చిట్టా ఇట్లున్నదనుకొందము. బ్యాంకు పంట ఋణము 1,60,000 రూపాయలు, 7 శాతము. బంగారముపై 80,000, 9 శాతము. భార్య పేర సంఘపు అప్పు 50,000, 12 శాతము. ఎరువుల కొట్టులో అరువు 70,000, రెండు రూపాయల వడ్డీ. ఊరిలోని ఆసామికి ప్రామిసరీ నోటు 1,50,000, మూడు రూపాయల వడ్డీ. మొత్తము అసలు 5,10,000. సంవత్సరపు వడ్డీ వరుసగా 11,200, 7,200, 6,000, 16,800, 54,000; వెరసి 95,200 రూపాయలు. నోటు బాకీ మొత్తము అప్పులో మూడవ వంతుకు తక్కువ. వడ్డీలో మాత్రము సగమునకు మించినది. ఐదు లక్షలని తలచుకొని నిద్రమానిన రైతు, తన్ను ముంచుచున్నది అందులో ఒక్క అప్పు అని ఈ కాగితము చూచినగాని తెలిసికొనలేడు. నేను చూచినంతలో రైతులు ఎక్కువ వడ్డీ గలవానికి కాక, ఎక్కువ కేకలు వేయువానికి ముందు చెల్లింతురు.

కావున చేతికి వచ్చిన సొమ్ములో ఇంటి తిండి, మందులు, రాబోవు పంట విత్తనము విడిగా తీసి, బ్యాంకు గడువు దాటకుండ చూచుకొని, తక్కినది నోటు అసలు తగ్గించుటకు వాడవలెను. 3 లక్షల వరకు గల పంట ఋణమును గడువులోగా చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వ రాయితీవలన వడ్డీ 4 శాతమే పడును. పై ఉదాహరణలో ఈ రాయితీ 4,800 రూపాయలు. అయితే ఈ రాయితీకై నాలుగు రోజుల నిమిత్తము ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి, బ్యాంకులో కట్టి, మరల తీయుట కొన్ని ఊళ్ళలో ఆచారమైనది. బ్యాంకు మరల ఇచ్చుట ఒక నెల ఆలస్యమైనచో, 1,60,000పై 8,000 రూపాయలు పోవును. వచ్చిన రాయితీ కంటె పోయినది హెచ్చు.

నోటు విషయములో మరికొన్ని జాగ్రత్తలు కలవు. చెల్లించిన ప్రతి పైకమునకు నోటు వెనుక చెల్లు వ్రాయించి, తేదీ వేయించవలెను. కాలదోష చట్టము ప్రకారము నోటుపై దావాకు సాధారణముగా మూడు సంవత్సరముల గడువు. అందుచేతనే మూడవ సంవత్సరము చివర అప్పులవాడు తిరగవ్రాయుమని తొందరపెట్టును. 1,50,000 నోటును మూడు సంవత్సరముల తరువాత వడ్డీతో కలిపి తిరగవ్రాసిన అది 3,12,000 అగును. అప్పటినుండి వడ్డీకి వడ్డీ నడుచును. తిరగవ్రాయక తప్పనిచో వడ్డీ తగ్గించుమని ముందు అడిగి, పాత నోటును చేతికి తీసికొనిన తరువాతనే కొత్తదానిపై సంతకము చేయవలెను. ఖాళీ నోటుపై ఎన్నటికిని సంతకము చేయరాదు. మనసు కుదుటపడువరకు కొత్త నోటు గాని, భూమి అమ్మకపు కాగితము గాని వ్రాయకుండుట శ్రేయస్కరము. ‘డాక్టరు వద్ద మందు వాడుచున్నాను, రెండు నెలలు ఆగుడు’ అని చెప్పుటకు సిగ్గు పడనక్కరలేదు. ఆ మాట రైతు చెప్పలేకున్న తోడు వచ్చినవాడు చెప్పవలెను.

బ్యాంకునకు కూడ తోడుతోనే పోవలెను. జబ్బు ఉన్నంతమాత్రమున అప్పు రద్దు కాదు. అట్లు చేయింతుమని డబ్బు గుంజువారిని నమ్మరాదు. కాని గడువు మార్చుమని అడుగుటకు దారి కలదు. ప్రభుత్వము ప్రకృతి వైపరీత్యముగా ప్రకటించిన ప్రాంతములో పంట 33 శాతమునకు తగ్గకుండ నష్టపోయినప్పుడు పంట ఋణమును దీర్ఘకాలపు వాయిదాలుగా మార్చుటకు రిజర్వు బ్యాంకు 2018 నాటి ఉత్తరువులలో అవకాశమిచ్చినది. నష్టము 50 శాతము వరకైన రెండు సంవత్సరములు, అంతకు మించిన ఐదు సంవత్సరముల వరకు గడువు అందు కలదు. ఇప్పుడు అమలులోనున్న షరతులు మేనేజరు నడిగి తెలిసికొనవలెను. వైపరీత్యము వచ్చునాటికే గడువు దాటిన బాకీకి ఆ ఉత్తరువులు వర్తింపలేదు. చూరులో దోపిన కాగితము చేయు నష్టము ఇట్టిదే. దరఖాస్తు వ్రాతపూర్వకముగా ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనవలెను. ముప్పది రోజులలో సమాధానము రాకున్న రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును; వివరములకు ఫోను 14448.

వసూలుకు వచ్చువారికి కూడ హద్దులు కలవు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశముల ప్రకారము గడువు మీరిన బాకీకై ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేయరాదు. సూక్ష్మ ఋణములకైనచో ఉదయము 9కి ముందు, సాయంత్రము 6 తరువాత చేయరాదు. బెదిరించుట, నలుగురిలో అవమానించుట, చుట్టములను వేధించుట నిషిద్ధము. వచ్చినవాని పేరు, తేదీ, అన్నమాట చిట్టా వెనుక వ్రాసి ఉంచినచో ఫిర్యాదునకు పనికి వచ్చును.

అన్నియు పోవునను భయము తగ్గుటకు మరి రెండు సంగతులు. బ్యాంకులు కోర్టునకు పోకుండనే తాకట్టు ఆస్తిని స్వాధీనము చేసికొనుటకు వీలుకల్పించు 2002 నాటి చట్టము వ్యవసాయ భూమికి వర్తింపదు. కోర్టు డిక్రీ వచ్చినను, సేద్యముతో జీవించువాని నాగలి మొదలగు పనిముట్లు, జీవనమునకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనపు గింజలు, అతడు కాపురముండు ఇల్లు జప్తునుండి మినహాయింపబడినవి. వానిని తాకట్టు పెట్టియున్న సంగతి వేరు. నోటీసు వచ్చినచో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, తక్కినవారిలో తక్కువ ఆదాయము గలవారికి ఉచితముగా న్యాయవాదిని ఇత్తురు. ఫోను 15100. లోక్ అదాలత్‌లో కోర్టు రుసుము లేకుండ రాజీ కుదుర్చుకొనవచ్చును. తెలంగాణలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి ఋణ విమోచన కమిషను కొరకు 2016లో చట్టము చేయబడినది. అప్పుపడిన రైతుకు చట్టము అండనిచ్చుట కొత్త కాదు. 1938లోనే ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో వ్యవసాయదారుల ఋణ ఉపశమనమునకు చట్టము వచ్చినది. వానలు, ధరలు రైతు చేతిలో లేవని ఆనాటివారికిని తెలియును.

కౌలు రైతు పరిస్థితి ఇంతకంటె కష్టము. పట్టా లేనందున బ్యాంకు గుమ్మమెక్కలేక నోటునే నమ్ముకొనును. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టము క్రింద పదకొండు నెలల సాగు హక్కు పత్రము ఇచ్చుచున్నారు గాని, దానికి భూమి యజమాని ఒప్పుకోలు కావలెను. ఒప్పుకోని చోట నలుగురైదుగురు కౌలుదారులు ఉమ్మడి పూచీ సంఘముగా ఏర్పడి బ్యాంకును అడుగవలెను.

చిట్టా వ్రాసిన కాగితమును మడిచి దాచక, నెలకొకసారి అదే తోడుతో విప్పి, చెల్లినవి కొట్టివేసి, రాబోవు గడువు తేదీలకు చుట్టు గీయవలెను. డాక్టరు వద్దకు మరల పోవలసిన తేదీని కూడ అదే కాగితముపై వ్రాసికొనవలెను.