ముక్కులో ఎర్రని కండ: చిన్నదేనని వదిలేయవద్దు



ఒకవైపు ముక్కు మూసుకుపోవడం, తరచు రక్తం కారడం, ముక్కులో ఎర్రని కండ పెరగడం వంటి బాధలతో వచ్చినవారిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు చెరువులో స్నానం చేస్తారా?" ముక్కు బాధకూ చెరువుకూ సంబంధమేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. సంబంధం ఉంది.

ఈ జబ్బు పేరు రైనోస్పోరిడియోసిస్. 1900లో అర్జెంటీనాలో గిల్లెర్మో సీబర్ దీనిని మొదట వర్ణించారు. ప్రపంచంలో అరుదైనదే అయినా దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి కారణమైన సూక్ష్మజీవిని చాలాకాలం బూజు జాతిదని భావించారు. చేపలకు జబ్బు తెచ్చే కొన్ని సూక్ష్మజీవులకు ఇది దగ్గరి బంధువని 1999లో జన్యు పరీక్షలు చూపించాయి.

ఎలా సోకుతుంది?

పశువులను కడిగే చెరువులు, కుంటలలో మునిగి స్నానం చేసేవారిలో, నదిలో ఇసుక తీసే కూలీలలో ఇది ఎక్కువ. ముక్కు లోపలి చిన్న గీతల గుండా క్రిమి ప్రవేశిస్తుందని వైద్యుల అభిప్రాయం. ఇది ఒకరినుండి ఒకరికి అంటదు. కాబట్టి రోగిని వేరుగా ఉంచనక్కరలేదు. కొందరికి కంటి రెప్ప లోపల కూడా వస్తుంది.

ఎలా గుర్తిస్తాము?

ఈ కండ స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా ఉండి, పైన తెల్లని చుక్కలు కనబడతాయి. తాకితే చాలు రక్తం వస్తుంది. అయితే మామూలు కండ, క్యాన్సర్ గడ్డ కూడా ఇలాగే భ్రమింపజేయవచ్చు. ఈ క్రిమిని ప్రయోగశాలలో మామూలు పద్ధతిలో పెంచి చూడలేము. అందుకే కండను మైక్రోస్కోపు కింద పరీక్షిస్తాము. మందపాటి గోడగల గుండ్రని సంచులు, వాటినిండా సూక్ష్మబీజాలు కనిపిస్తే జబ్బు నిర్ధారణ అయినట్టే. ముక్క పరీక్ష అనగానే క్యాన్సరేనని భయపడవద్దు.

చికిత్స

కండను మొదలంటా తీసి, ఆ చోటును విద్యుత్తుతో కాల్చడమే ముఖ్యమైన చికిత్స. కొందరికి రక్తపరీక్ష చేసి డాప్సోన్ మాత్రలు కూడా ఇస్తారు. కుష్ఠురోగానికి వాడే మందు కదా అని వాటిని మానవద్దు. తీసిన తరువాత కూడా కండ మళ్ళీ రావచ్చు. కనుక చెప్పిన తేదీకి తప్పక రండి.

ఇంటివద్ద దారంతో బిగించి లాగడం, నాటువైద్యులచేత కోయించడం ప్రమాదకరం. రక్తం ఆగకపోవచ్చు, బీజాలు పక్కకు పాకవచ్చు. పశువులు దిగే నీటిలో మునగవద్దు. బోరు నీటితోనో కుళాయి నీటితోనో స్నానం చేయండి. మీ పిల్లలకూ ఇదే నేర్పండి.