జె-1 వీసా మీద అమెరికా వెళ్లిన పాకిస్తానీలు: తరచూ అడిగే ప్రశ్నలు

కరాచీ ప్రొఫెసరు, లాహోర్ డాక్టరు, ఇస్లామాబాద్ సెక్రటేరియట్ అధికారి. ఈ ముగ్గురూ అమెరికాకు చదువుకో, శిక్షణకో వెళ్తే ఎక్కువగా పాస్‌పోర్టులో పడేది ఒకే వీసా: మార్పిడి కార్యక్రమాలకు ఇచ్చే జె-1. గడువు దగ్గరపడే కొద్దీ ముగ్గురికీ పుట్టే సందేహాలూ ఇంచుమించు ఒకటే. అమెరికా ఆస్పత్రుల్లో వాళ్ల పక్కన డ్యూటీ చేసే తెలుగు డాక్టర్లకూ ఈ వీసా నియమాలే వర్తిస్తాయి కాబట్టి, ఈ ప్రశ్నలు మనవాళ్లకు పరాయివి కావు.

ముందుగా, ఏ కార్యక్రమాల గురించి ఈ మాటలు?

పేరున్నది ఫుల్‌బ్రైట్. సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ చొరవతో 1946లో అమెరికాలో చట్టమైంది. పాకిస్తాన్‌లో దాన్ని నడిపే అమెరికా విద్యా ఫౌండేషన్ 1950లో ఏర్పడింది. భారత్‌లో ఇలాంటి ఫౌండేషన్ పుట్టిందీ ఆ ఏడాదే. మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లు ఈ దారిలో వెళ్తారు. ఉద్యోగంలో కొన్నేళ్లు అనుభవం గడించిన వాళ్లకు హంఫ్రీ ఫెలోషిప్ ఉంది. 1978 నుంచి నడుస్తోంది, దాదాపు పది నెలలు, డిగ్రీ ఏమీ ఇవ్వరు. మూడోది ఇంటర్నేషనల్ విజిటర్ లీడర్‌షిప్ ప్రోగ్రామ్. దీనికి దరఖాస్తు అంటూ ఉండదు. రాయబార కార్యాలయమే పేరు ప్రతిపాదిస్తుంది, సాధారణంగా మూడు వారాల పర్యటన. ఇవి కాక, రెసిడెన్సీ చేయడానికి వెళ్లే డాక్టర్లు. వాళ్ల సంగతి కింద విడిగా ఉంది, ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే.

గడువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలా?

అందరూ కాదు. అమెరికా వలస చట్టంలోని 212(ఇ) సెక్షన్ మూడు రకాల వాళ్లను పట్టుకుంటుంది. అమెరికా ప్రభుత్వమో, సొంత ప్రభుత్వమో ఆ కార్యక్రమానికి డబ్బు పెట్టిన వాళ్లు మొదటివాళ్లు. తమ దేశానికి అవసరమని అమెరికా ప్రకటించిన నైపుణ్యాల జాబితాలో ఉన్నవాళ్లు రెండోవాళ్లు. వైద్య శిక్షణకు వచ్చిన డాక్టర్లు మూడోవాళ్లు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వర్తించినా చాలు. మూడు వారాల ప్రభుత్వ పర్యటనకు వచ్చిన పాత్రికేయుడికి కూడా రెండేళ్ల నిబంధన ఉంటుందంటే చాలామంది నమ్మరు. కానీ చట్టం చూసేది ఎన్నాళ్లున్నావని కాదు, ఖర్చు ఎవరిదని.

నాకు ఇది వర్తిస్తుందో లేదో ఎక్కడ చూడాలి?

వీసా మీద చిన్న అక్షరాల్లో 212(ఇ) వర్తిస్తుందనో, వర్తించదనో రాసి ఉంటుంది. కార్యక్రమం నడిపే సంస్థ ఇచ్చే డీఎస్-2019 పత్రం అడుగున ఎడమవైపు గడిలో కాన్సులర్ అధికారి గుర్తు పెట్టి సంతకం చేస్తారు. ఈ రెండూ ప్రాథమిక అభిప్రాయాలే కానీ తీర్పులు కావు. వీసా మీద ‘వర్తించదు’ అని ఉన్నా, స్కాలర్‌షిప్‌లో ప్రభుత్వ సొమ్ము ఉన్నట్టు తర్వాత తేలితే నిబంధన వర్తిస్తుంది. ‘వర్తిస్తుంది’ అని పొరపాటున పడిన సందర్భాలూ ఉన్నాయి. సందేహముంటే అమెరికా విదేశాంగ శాఖను సలహా అభిప్రాయం అడగొచ్చు. అడిగేటప్పుడు ఇప్పటిదాకా తీసుకున్న డీఎస్-2019లన్నీ జతచేయాలి, ఒక్కటి తగ్గినా ఫైలు ముందుకు కదలదు.

‘నా డబ్బు యూనివర్సిటీ ఇచ్చింది, ప్రభుత్వం కాదు’ అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఆ యూనివర్సిటీకి ఆ డబ్బు విద్యార్థుల, నిపుణుల మార్పిడి కోసమే ప్రభుత్వం ఇచ్చి ఉంటే, అది ప్రభుత్వ డబ్బు కిందే లెక్క. చేతులు మారినంత మాత్రాన రంగు మారదు.

రెండేళ్లను ఎలా లెక్కిస్తారు? దుబాయ్‌లో ఉద్యోగం చేస్తే చెల్లుతుందా?

ఏకబిగిన ఉండనక్కర్లేదు, విడతలుగా ఉన్నా కలిపి లెక్కవేస్తారు. కానీ ఉండాల్సింది పౌరసత్వమున్న దేశంలో, లేదా చివరిగా చట్టబద్ధమైన శాశ్వత నివాసమున్న దేశంలో. దుబాయ్‌లోనో, దోహాలోనో ఉద్యోగ వీసా మీద గడిపిన ఏళ్లు పాకిస్తానీ లెక్కలోకి రావు. పాస్‌పోర్టు ముద్రలు, జీతం స్లిప్పులు, అద్దె ఒప్పందాలు దాచుకోండి. పాస్‌పోర్టు రెన్యువల్ చేసుకున్నప్పుడు పాతదాన్ని పారేయకండి.

ఆ రెండేళ్లలో అమెరికాలో అడుగే పెట్టకూడదా?

ఇది అపోహ. నిబంధన ఆపేది హెచ్ (ఉద్యోగ), ఎల్ (కంపెనీ బదిలీ), కె (పెళ్లి కుదిరినవాళ్ల) వీసాలను, గ్రీన్‌కార్డును. దాంతోపాటు అమెరికాలో ఉండగానే వీసా హోదా మార్చుకోవడాన్ని కూడా దాదాపుగా ఆపుతుంది. సదస్సుకు బి-1 మీద, చదువుకు ఎఫ్-1 మీద వీసా అడగడానికి ఈ నిబంధన అడ్డు కాదు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే ఓ-1 కూడా సొంత దేశంలోనో, మరో దేశంలోనో ఉన్న కాన్సులేట్ ద్వారా తెచ్చుకోవచ్చు. ఓ-1 తెచ్చుకున్నంత మాత్రాన రెండేళ్ల బాకీ మాత్రం తీరదు. గ్రీన్‌కార్డు దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

ఈ నిబంధన నుంచి మినహాయింపు (వేవర్) ఎలా వస్తుంది?

అయిదు దారులున్నాయి. స్వదేశ ప్రభుత్వం ‘మాకు అభ్యంతరం లేదు’ అని వాషింగ్టన్‌లోని తన రాయబార కార్యాలయం ద్వారా రాయడం ఒకటి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఏదైనా ‘ఈ మనిషి మాకు కావాలి’ అనడం రెండోది. తిరిగి వెళ్తే జాతి, మతం, రాజకీయ అభిప్రాయం కారణంగా వేధింపులు తప్పవని నిరూపించడం మూడోది. అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డుదారులో అయిన భార్యకో, భర్తకో, బిడ్డకో అసాధారణమైన ఇబ్బంది కలుగుతుందని చూపడం నాలుగోది. అయిదోది డాక్టర్ల కోసం రాష్ట్రాలు చేసే సిఫారసు.

మొదటి దారి తేలికగా కనిపిస్తుంది. ఫుల్‌బ్రైట్ వాళ్లు దాన్నే పట్టుకుని ఇస్లామాబాద్ చుట్టూ తిరుగుతుంటారు. కానీ అమెరికా ప్రభుత్వం సొంత డబ్బు ఖర్చుపెట్టిన చోట ఆ అభ్యంతరం లేని పత్రానికి పెద్ద విలువ ఉండదు. ఖర్చు పెట్టిన వాడు వదులుకోవాలి కదా! నాలుగో దారిలో రెండు వైపులా నిరూపించాలి: కుటుంబం వెంట వస్తే పడే ఇబ్బంది, అమెరికాలోనే ఉండిపోతే పడే ఇబ్బంది. అమెరికాలో బిడ్డ పుట్టిందన్న ఒక్క కారణం సరిపోదు. బిడ్డకు అక్కడే దొరికే వైద్యం లాంటి గట్టి ఆధారం కావాలి.

దరఖాస్తు ఫారం డీఎస్-3035. వేధింపులు, ఇబ్బంది దారుల్లో ఐ-612 కూడా వేయాలి. విదేశాంగ శాఖ సిఫారసు చేస్తే, తుది నిర్ణయం వలస సేవల సంస్థది. ఒక హెచ్చరిక: వేవర్‌కు సిఫారసు వచ్చాక జె-1 పొడిగింపు ఇక రాదు. పరిశోధన ఇంకా ఏడాది మిగిలుందంటే ముందు పొడిగింపు తీసుకుని, ఆ తర్వాతే వేవర్ సంగతి చూడాలి.

డాక్టర్ల పరిస్థితి ఏమిటి?

కింగ్ ఎడ్వర్డ్, డౌ, ఆగాఖాన్ లాంటి పాకిస్తాన్ వైద్య విద్యాసంస్థల్లో ఎంబీబీఎస్ చేసి రెసిడెన్సీకి వెళ్లే డాక్టరు పాకిస్తాన్ ఆరోగ్య శాఖ నుంచి ఒక లేఖ తెచ్చుకోవాలి. ‘ఈ నైపుణ్యం మా దేశానికి అవసరం, శిక్షణ ముగిశాక ఈయన తిరిగి వస్తానని హామీ ఇచ్చారు’ అన్నది దాని సారాంశం. శిక్షణ గరిష్ఠంగా ఏడేళ్లు. డాక్టర్లకు ‘అభ్యంతరం లేదు’ దారి మూసేసి ఉంది. మిగిలిన వాటిలో ఎక్కువమంది నమ్ముకునేది రాష్ట్రాలు సిఫారసు చేసే అయిదో దారిని, అంటే కాన్రాడ్ పథకాన్ని. 1994లో మొదలైన దీని కింద ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మందిని సిఫారసు చేయొచ్చు. అంతకుముందు 20 ఉండేది. వేవర్ దొరికిన డాక్టరు వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో హెచ్-1బి మీద మూడేళ్లు పూర్తికాలం పనిచేయాలి. ఆ 30లో పది స్థానాల వరకు కొరత ప్రాంతం బయట ఉన్న ఆస్పత్రులకూ ఇవ్వొచ్చు, అయితే అక్కడికి కొరత ప్రాంతాల రోగులు వస్తుండాలి.

పాకిస్తాన్ పల్లెల్లో డాక్టరు లేడని సర్కారు లేఖ ఇస్తుంది. ఆ లేఖతో వెళ్లిన డాక్టరు, అమెరికా పల్లెలో డాక్టరు లేడన్న కారణంతోనే అక్కడ ఉండిపోతాడు. చట్టపరంగా ఇందులో తప్పేమీ లేదు. కానీ లేఖ ఇచ్చిన దేశానికి దీనివల్ల దక్కిందేమిటో ఆ దేశమే అడగాలి.

పెద్ద రాష్ట్రాల్లో ఆ 30 స్థానాలు త్వరగా నిండిపోతాయి. శిక్షణ చివరి ఏడాది మొదలవకముందే ఆస్పత్రితో మాట్లాడుకోవడం మేలు.

వేవర్ వస్తే బాండ్ కూడా పోయినట్టేనా?

కాదు. 212(ఇ) అమెరికా చట్టం. బాండ్ అనేది పాకిస్తాన్‌లో చేసిన సంతకం. ఫుల్‌బ్రైట్ డిగ్రీకి వెళ్లేవాళ్లు స్కాలర్‌షిప్ ఎన్నేళ్లో అన్నేళ్లు పాకిస్తాన్‌లో పనిచేస్తామని ఒప్పుకుంటారు. ఉన్నత విద్యా కమిషన్ డబ్బుతో విదేశాల్లో పీహెచ్‌డీ చేసినవాళ్లకు సాధారణంగా అయిదేళ్ల సేవ ఉంటుంది. హామీదారు సంతకం కూడా ఉంటుంది, కాబట్టి రికవరీ నోటీసు మొదట తగిలేది ఊళ్లో ఉన్న మామగారికో, అన్నయ్యకో. ప్రభుత్వోద్యోగి అయితే దీనికి తోడు శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ‘ఎక్స్-పాకిస్తాన్ లీవ్’ (దేశం బయట గడిపేందుకు సెలవు) ఉండాలి. సెలవు ముగిసినా రాకపోతే శాఖాపరమైన చర్య తప్పదు. ఒకదాన్నుంచి బయటపడితే రెండోదాన్నుంచీ బయటపడ్డట్టేనని అనుకోవద్దు.

భార్యాబిడ్డల సంగతి?

జె-1 వాళ్ల కుటుంబానికిచ్చే జె-2 వీసా మీద వచ్చిన భార్య లేదా భర్త పని అనుమతి కార్డు తెచ్చుకుని ఉద్యోగం చేయొచ్చు. జె-1కి రెండేళ్ల నిబంధన ఉంటే అది జె-2కీ అంటుకుంటుంది. విడాకులైనా, జె-1 మరణించినా, బిడ్డకు 21 ఏళ్లు నిండినా విదేశాంగ శాఖ విడిగా పరిశీలిస్తుంది. మామూలుగా అయితే జె-2 సొంతంగా వేవర్ అడగలేరు.

బీమా, పన్ను?

ఒక్కో జబ్బుకు, ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల బీమా తప్పనిసరి. ప్రభుత్వ కార్యక్రమాల్లో దాన్ని వాళ్లే చూసుకుంటారు. ఆదాయం లేకపోయినా అమెరికా పన్ను శాఖకు 8843 ఫారం పంపాలి. పాకిస్తాన్‌తో అమెరికాకు 1957 నాటి పన్ను ఒప్పందం ఉంది. భారతీయ విద్యార్థులకు తమ ఒప్పందం ద్వారా దొరికే స్టాండర్డ్ డిడక్షన్ పాకిస్తానీలకు లేదు. హైదరాబాద్ రూమ్మేట్ రిటర్ను చూసి కాపీ కొట్టకండి.

బ్రిటన్, యూరప్ కార్యక్రమాలకూ ఇదే నిబంధనా?

బ్రిటన్ ఇచ్చే చెవ్‌నింగ్ స్కాలర్‌షిప్ కింద చదివినవాళ్లు రెండేళ్ల పాటు స్వదేశానికి తిరిగి వెళ్లాలి. యూరప్ ఎరాస్మస్ ముండస్‌లో ఆ షరతు లేదు. ఆ స్కాలర్‌షిప్‌కు పాకిస్తానీలు ఇటీవల అంతగా ఎగబడటానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

మధ్యలో కార్యక్రమమే ఆగిపోతే?

2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ డిగ్రీ విద్యార్థుల గ్లోబల్ అండర్‌గ్రాడ్యుయేట్ కార్యక్రమాన్ని పదిహేనేళ్ల తర్వాత ఆపేశారు. కాబట్టి ఎంపిక లేఖ రాగానే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి, సెలవు పెట్టండి. అమెరికాలో ఉండగా కార్యక్రమం పూర్తయితే, వెళ్లిపోవడానికి 30 రోజుల గడువుంటుంది. ఆ నెలలో పని చేయకూడదు.

ఈ రెండేళ్ల నిబంధనలో భారతీయులకు మారిందేమిటి?

2024 డిసెంబరు 9న నైపుణ్యాల జాబితా నుంచి భారత్‌ను తీసేశారు. ఆ ఒక్క కారణంతో చిక్కుకున్న వాళ్లకు, పాతవాళ్లతో సహా, రెండేళ్ల నిబంధన పోయింది. ప్రభుత్వ ఫెలోషిప్ మీద వెళ్లిన ప్రొఫెసర్లకు, రెసిడెన్సీ చేసే డాక్టర్లకు మాత్రం ఇంకా ఉంది. గుంటూరు నుంచి వెళ్లినా, గుజ్రన్‌వాలా నుంచి వెళ్లినా జె-1 డాక్టరుకు దారి ఒకటే: కాన్రాడ్ లాంటి వేవర్, లేదా ఇంటికి రెండేళ్లు.