మామిడి అల్లం: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: ఖమ్మం మార్కెట్లో మామిడి అల్లం కొన్నాను. చూపుకు అల్లమే, తుంచితే పచ్చిమామిడి వాసన. రెండింటినీ కలిపి పుట్టించారా? తినొచ్చా?
– ఒక గృహిణి, డోర్నకల్

జవాబు: లేదమ్మా, మామిడి చెట్టుతో దీనికి ఏ సంబంధమూ లేదు. అల్లం కుటుంబంలోదే అయినా పసుపుకు దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామం కర్క్యుమా అమడ. దుంపను అడ్డంగా కోసి చూడండి: అంచు తెల్లగా, మధ్యన లేత పసుపుగా ఉంటుంది. అల్లంలో ఉండే ఘాటు ఉండదు. మామిడి వాసన దుంపలోని సుగంధ తైలాలది. నిక్షేపంగా తినొచ్చు. కడిగి, చెక్కు తీసి, తడి పూర్తిగా ఆరాక సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసంలో ఊరబెట్టండి. పప్పులో వేస్తే దించే ముందు వేయండి, ఎక్కువసేపు మరిగితే వాసన పోతుంది. అడవి నుంచి తెచ్చిన గుర్తు తెలియని దుంపల్ని మాత్రం రుచి చూడొద్దు.

ప్రశ్న: నిరుడు పెరట్లో నాటాను. శ్రావణంలో ఆకులు పండుబారాయి. పట్టి లాగితే మొక్క ఊడి వచ్చింది, దుంప మెత్తబడి కంపు కొట్టింది. ఏం చేయాలి?
– మరో పాఠకురాలు, మహబూబాబాద్

జవాబు: అది దుంపకుళ్లు. పసుపునూ అల్లాన్నీ పట్టే తెగులే ఇది. మొదట్లో నీరు నిలిస్తే శిలీంద్రం దుంపలోకి దిగుతుంది. ఈసారి చోటు మార్చి, జానెడు ఎత్తున మడి కట్టండి. ఎర్ర చెలక మట్టిలో మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలపండి. విత్తన దుంపల్ని లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణంలో అరగంట ఉంచి, నీడన ఆరబెట్టండి. మృగశిర కార్తెలో, ఒకటి రెండు కళ్లున్న ముక్కల్ని 2 అంగుళాల లోతున నాటి, పైన పచ్చి ఆకులు కప్పండి. సంక్రాంతి దాటి ఆకులు ఎండాక తవ్వుకోవచ్చు.

ప్రశ్న: పసుపు మానేసి ఎకరంలో మామిడి అల్లం వేద్దామనుకుంటున్నాను. లాభమేనా?
– ఒక రైతు, డోర్నకల్ మండలం

జవాబు: తొందరపడకండి. పసుపును ఉడకబెట్టి ఆరబెడితే నెలల తరబడి నిల్వ ఉంటుంది. ధర చూసుకుని కేసముద్రంలోనో, వరంగల్ ఎనుమాములలోనో అమ్ముకోవచ్చు. మామిడి అల్లాన్ని ఎక్కువగా పచ్చిగానే కొంటారు, కాబట్టి తవ్విన వెంటనే కొనేవాళ్లు కావాలి. ఈ ఏడు పసుపు పక్కనే రెండు సాళ్లు వేసి చూడండి. పచ్చళ్లు పట్టేవారితో, కూరగాయల వ్యాపారులతో ముందే మాట్లాడుకోండి. సాగు మెలకువలకు మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల్ని కలవండి. కొనేవారు ఖాయమయ్యాకే ఎకరం సంగతి ఆలోచించండి.