అంకె పక్కన మందం కూడా రాయి

చి. మేనకోడలికి,

లోహాలను పరీక్షించే ల్యాబ్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఫ్రాక్చర్ టఫ్‌నెస్ పరీక్షలు నీకే అప్పగించారట. ఆ పనిలో మొదటి రోజు నుంచే పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది.

యీల్డ్ స్ట్రెంత్ కొలిస్తే, ముక్క సన్నదైనా లావైనా దాదాపు ఒకే అంకె వస్తుంది. ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అలా కాదు. పగులున్న లోహం ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే ఈ అంకె నమూనా మందాన్ని బట్టీ, ఆకారాన్ని బట్టీ, పగులు లోతును బట్టీ మారుతుంది. ఒకే ప్లేటు నుంచి కోసిన రెండు ముక్కల్లో సాధారణంగా పల్చటిది ఎక్కువ చూపిస్తుంది, మందపాటిది తక్కువ చూపిస్తుంది. రెండు కొలతలూ నిజమే.

దీనికి మూలం పగులు మొన దగ్గరుంది. అక్కడ లోహం సాగాలంటే పక్కల నుంచి లోపలికి కుంచించుకోవాలి. పల్చటి రేకులో అందుకు అడ్డులేదు. అది బాగా సాగుతుంది, ఆ సాగడానికే బోలెడు శక్తి ఖర్చవుతుంది. మందపాటి ముక్కలో నడిమి లోహాన్ని చుట్టుపక్కల లోహం కదలనివ్వకుండా బిగించి పట్టుకుంటుంది. దాన్నే ప్లేన్ స్ట్రెయిన్ అంటారు. సాగే వీల్లేని లోహం తక్కువ బలానికే తెగిపోతుంది.

విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడు. నడుమ చదునుగా ఉంటుంది. రెండు అంచుల వెంట సుమారు 45 డిగ్రీల వాలుతో సన్నని పట్టీలు లేచి ఉంటాయి. అవే షియర్ లిప్స్. పల్చటి అల్యూమినియం రేకైతే మొత్తం వాలుగానే తెగుతుంది. మందం పెరిగేకొద్దీ చదును భాగానిదే పైచేయి. కంప్యూటర్ ఇచ్చిన గ్రాఫ్ చూసే ముందు ఈ తెగిన ముఖాన్ని చూడటం అలవాటు చేసుకో.

మరి ఎంత మందం ఉంటే చాలు? 1970లో తొలిసారి వెలువడిన ఏఎస్‌టీఎం ఈ399 పద్ధతి దీనికో లెక్క చెప్పింది. టఫ్‌నెస్‌ను యీల్డ్ స్ట్రెంత్‌తో భాగించి, వర్గం చేసి, 2.5తో గుణించాలి. మందం, పగులు పొడవు అంతకు తగ్గకూడదు. తర్వాతి ఎడిషన్లలో ఈ షరతు పగులు ముందు మిగిలిన భాగం పొడవుకు మారింది కాబట్టి, మీ ల్యాబ్ ఏ ఎడిషన్ పాటిస్తోందో కనుక్కో.

7075 అల్యూమినియంలో టఫ్‌నెస్ 27 మెగాపాస్కల్ రూట్ మీటర్లు, యీల్డ్ 500 మెగాపాస్కల్స్ అనుకుంటే, 7 మిల్లీమీటర్ల పైచిలుకు చాలు. రియాక్టర్ పాత్రలకు వాడే స్టీలులో టఫ్‌నెస్ 200, యీల్డ్ 480 అనుకుంటే, 430 మిల్లీమీటర్లు దాటుతుంది! అందుకే అమెరికాలో ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల నడిపిన కార్యక్రమంలో ఏకంగా 12 అంగుళాల మందపు నమూనాలను విరగ్గొట్టాల్సి వచ్చింది.

ప్రతి ల్యాబ్‌కూ అది సాధ్యం కాదు. 1968లో జేమ్స్ రైస్ ప్రతిపాదించిన జే-ఇంటెగ్రల్ అనే కొలమానం వల్ల చిన్న నమూనాలతోనూ నమ్మదగ్గ కొలతలు దొరికాయి. అయినా మందం వదలదు. చలిలో పెళుసుగా విరిగే స్టీలులో పగులు అంచు ఎంత పొడవుంటే, దాని దారిలో బలహీనమైన చోటు తగిలే అవకాశం అంత ఎక్కువ. ఫిన్లాండ్ శాస్త్రవేత్త కిమ్ వాలిన్ దీన్ని సూత్రంగా మలిచారు. దాని ప్రకారం 25 మిల్లీమీటర్ల మందపు ముక్కలో టఫ్‌నెస్ 100 మెగాపాస్కల్ రూట్ మీటర్లు వచ్చిన స్టీలు, 100 మిల్లీమీటర్ల మందంలో సుమారు 77 దగ్గరే తెగుతుంది. పల్చటి ముక్క అంకెతో మందపాటి పాత్రను డిజైన్ చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

ఆకారం సంగతీ అంతే. లోతైన పగులుతో వంచే నమూనాలో బిగింపు ఎక్కువ. పగులు పైపైన ఉన్నా, ముక్కను నేరుగా లాగినా బిగింపు సడలి అంకె పెరుగుతుంది.

ముక్క ఎక్కడి నుంచి కోశారన్నదీ అడుగు. 1965 ఏప్రిల్‌లో అమెరికాలో 260 అంగుళాల వ్యాసమున్న మారేజింగ్ స్టీలు రాకెట్ మోటార్ కేసును నీటి ఒత్తిడితో పరీక్షిస్తుంటే, అనుకున్న ఒత్తిడిలో 60 శాతమైనా చేరకముందే పగిలిపోయింది. ఆ పగులు వెల్డింగ్ పక్కన మొదలైంది. ప్లేటు ఎంత మంచిదైనా వెల్డు దగ్గరి లోహాన్ని విడిగా కొలవాల్సిందే. మన హైదరాబాద్‌లోని మిధాని సంస్థ తయారుచేసే మారేజింగ్ స్టీలుతోనే పీఎస్ఎల్‌వీ మొదటి దశ కేసులు చేస్తారు. కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు.

చివరిగా ఒక్క మాట తల్లీ. పరీక్షలో మొదట వచ్చేది కే-క్యూ అనే తాత్కాలిక అంకె మాత్రమే. షరతులన్నీ నెగ్గాకే అది కే-వన్-సీ, అంటే అసలైన ప్లేన్ స్ట్రెయిన్ టఫ్‌నెస్ అవుతుంది. ఎవరు తొందరపెట్టినా కే-క్యూను కే-వన్-సీ అని రాయకు. మందం, ఆకారం, ప్లేటులో కోసిన దిశ, ఉష్ణోగ్రత లేని రిపోర్టు మీద సంతకం పెట్టకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య