ట్రౌటు చేపల వేటకై కోడి యీకలతో ఈగలను కట్టు విధానము

తొలకరి వాన వెలిసిన సాయంకాలమున చెరువుగట్టుపై నిలిచిన రైతు ఒక విశేషమును చూచియే యుండును. పుట్టలనుండి వెడలిన ఉసిళ్లు గుంపులు గుంపులుగా నీటిమీద పడును. అవి పడిన చోటనెల్ల చేపలు పైకి లేచి మ్రింగును. అట్టి సమయమున వానపామును గ్రుచ్చిన గాలమును అడుగునకు వదలినవానికి చేప చిక్కుట అరుదు. చేప యప్పుడు పైని చూచుచున్నదే గాని అడుగున మేతను వెదకుట లేదు. ఈ యొక్క సంగతిని గ్రహించినవారికి ఇందు చెప్పబోవు పని యంతయు సులభముగ బోధపడును.

ట్రౌటు అనునది చలినీటి చేప. నీరు నిర్మలముగను, చల్లగను, రాళ్లమీద పారుచును ఉండవలెను. నీటి వేడిమి 20 సెంటీగ్రేడు డిగ్రీలను దాటి చాలకాలము నిలిచినయెడల అది మేత తగ్గించి క్షీణించును. కావున కృష్ణా గోదావరులలో దానిని వెదకుట వృథా. దీని స్వస్థలము ఐరోపా. మరియొక జాతికి ఉత్తర అమెరికాయొక్క పడమటి భాగము. నీలగిరికి దీనిని తెచ్చుటకు 1863లో ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు చేసిన యత్నము ఫలింపలేదు. పిమ్మట విల్సన్ అను నతని పూనికవలన 1907లో అవలాంచి యొద్ద గ్రుడ్లు పొదిగించు స్థలము ఏర్పడి, అచ్చటి యేఱులలో ట్రౌటు నిలద్రొక్కుకొనెను. కాశ్మీరమునకు స్కాట్లాండునుండి 1900లో వచ్చిన గ్రుడ్లు అచ్చటి చేపలకు మూలము.

తెలుగు నేలను లేని చేపనుగూర్చి తెలుగు రైతునకు చెప్పనేల యని శంక కలుగవచ్చును. ఆ చేపను పట్టు ఈగకు ముఖ్యమైన సరుకు రైతు పెరటిలోని పుంజు మెడమీద నున్నది. ఆ సరుకు గుణము తెలియనందున సామాన్యముగ పుంజును కోసిననాడే వేడినీటిలో ముంచి పెంటమీద పారవేయుదురు.

ట్రౌటు నివసించు ఏఱులలో ఉసిళ్ల స్థానమున మేఫ్లై యను పురుగు కలదు. దీని పిల్ల నీటి యడుగున రాళ్ల సందులలో, జాతినిబట్టి కొన్ని నెలలు మొదలు రెండు సంవత్సరముల వఱకు పెరుగును. తరువాత ఒకనాడు పైకి తేలి, వీపు పగిలి, రెక్కల పురుగుగా బయలువెడలును. రెక్కలు ఆరువఱకు వానిని తెరచాపవలె నిలువుగ నెత్తి నీటివాలున కొట్టుకొనిపోవును. ఆ కొన్ని క్షణములే చేపకు అదను. తప్పించుకొని గట్టు చేరినది మరల కుబుసము విడుచును. రెక్కలు వచ్చిన పిదపకూడ కుబుసము విడుచు పురుగు లోకమున ఇది యొక్కటియే. దానికి తిండి లేదు. జతగూడి, నీటిలో గ్రుడ్లు విడిచి, కొన్ని గంటలలోనో ఒకటి రెండు దినములలోనో చచ్చును.

సదరు పురుగునే గాలమునకు గ్రుచ్చరాదా యనిన, ఐర్లండు దేశపు సరస్సులలో అట్లు చేయు ఆచారము కలదు. కాని పురుగు మిక్కిలి మెత్తనిది. దారమును కొరడావలె ముందు వెనుకలకు ఝళిపించి దూరముగ విసరునప్పుడు అది గాలముపై నిలువదు. ఈ వేటలో ఈగకు బరువు లేదు. బరువంతయు త్రాటియందే యుండును. కావున పురుగు ఆకారమును ఈకతోను పట్టుదారముతోను గాలముమీదనే కట్టవలసి వచ్చెను. ఇది క్రొత్త విద్య గాదు. సుమారు 1800 సంవత్సరములకు పూర్వము ఈలియన్ అను గ్రంథకర్త, మాసిడోనియా దేశపు జాలరులు గాలమునకు ఎఱ్ఱ ఉన్ని చుట్టి కోడియీకలు రెండు కట్టి చేపలు పట్టుచుండిరని వ్రాసెను. ఇంగ్లీషున ఇట్టి ఈగలను పండ్రెండింటిని వర్ణించిన పుస్తకము 1496లో అచ్చుపడెను. నీటిపై తేలు ఈగలను కట్టుటనుగూర్చి హాల్‌ఫర్డు 1886లో ప్రత్యేకముగ గ్రంథము ప్రకటించెను. రెండింటను కోడియీక తప్పలేదు.

ఆ యీకయందలి విశేషమును పరీక్షించి చూడవలెను. పుంజు మెడమీద సన్నగ, కోలగ, మెఱయుచుండు ఈకను ఒకదానిని తీసి వెలుగునకు పట్టినయెడల, మొదట గుడ్డివెలుగుగా మెత్తని నూగువంటి భాగమును, కొనవైపు విడివిడిగ మెఱయు పోగులును కనబడును. మెత్తని భాగము నీరు పీల్చును. మెఱయు పోగులు పీల్చవు. ఈ యీకను గాలముచుట్టు త్రిప్పినప్పుడు పోగులన్నియు చక్రపు ఆకులవలె విచ్చుకొని, వాని కొనలు నీటి పైపొరమీద పురుగు కాళ్లవలె నిలిచి, ఇనుప గాలమును మునుగనీయక మోయును. కావున నూగు తక్కువగను పోగు బిరుసుగను ఉన్న యీకయే మేలు. పోగులను వెనుకకు దువ్వి పెదవికి తాకించినప్పుడు ముండ్లవలె పొడుచుకొనవలెను. పెట్టయీక యెంత అందముగ నున్నను మెత్తనిది. అది నీటిలో మునుగు ఈగలకే పనికివచ్చును. ఏడాది నిండని పుంజు ఈకయు అట్టిదే. కోడిపందెములవారు డేగ యనియు, కాకి యనియు, సేతు వనియు చెప్పు రంగులన్నియు కావలసినవే. ఎఱ్ఱని పోగులకు నడుమ నల్లని చార గలది మిక్కిలి ప్రశస్తము; నాటుపుంజులలో ఇది విశేషముగ దొరకును.

పూర్వము ఇంగ్లండు, అమెరికా దేశములలో ఈగలు కట్టువారికి మెడతోళ్లు ఎక్కువగ హిందూదేశమునుండియు చైనానుండియు పోవుచుండెను. ఆ పుంజులు మాంసమునకు పెంచినవే గాని ఈకకు పెంచినవి కావు. గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాలో కొందఱు రైతులు, మంచి కంకిని విత్తనమునకు ఏరినట్లు, మంచి యీకగల పుంజులనే తరతరములుగ ఏరి పెంచిరి. ఇప్పుడు వారి పుంజు నడుముపై పెరుగు పొడుగాటి యీక ఒక్కటి పలు ఈగలకు చాలును. నాటుపుంజు ఈకలు ఒక్కొక్క ఈగకు ఒకటియో రెండో పట్టును. అందుచే హిందూదేశపు మెడతోలు నేర్చుకొనువారి సరుకుగా తక్కువ తరగతికి దిగెను. ఇది కోడి తప్పు గాదు. ఏరుట లేకపోవుటయే కారణము.

ఇచ్చట అడవికోడినిగూర్చి చెప్పక తప్పదు. దక్షిణదేశపు అడవులలో నుండు బూడిదరంగు అడవిపుంజు మెడయీకలపై మైనపు చుక్కలవంటి పసుపు తెలుపు మచ్చలు ఉండును. సాల్మన్ అను పెద్దచేపకు కట్టు ఈగలలో కంటిగుర్తుగా ఆ మచ్చను పెట్టుదురు. దీనికై ఆ పక్షులను విశేషముగ చంపి విదేశములకు పంపిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఆ పక్షిని వేటాడుట నేరము. పశ్చిమ దేశములలో పెంపుడు పక్షులనుండియే ఆ యీకలు లభించుచున్నవి గాన కొనువానికి కొఱత లేదు. అడవికోడి మెడకు ధర చెప్పుచు గ్రామమునకు వచ్చు దళారి మాట వినిన పట్టాదారు, దళారి వెడలిపోయిన పిదప అధికారులకు తానొక్కడే జవాబు చెప్పుకొనవలసి వచ్చును.

పెరటిపుంజు మెడను దాచుటలో కష్టము లేదు. ఈకలు రాల్చుకొను కాలమున కోయరాదు. కోసిన పిదప వేడినీరు తగులనీయక, తలవెనుకనుండి భుజమువఱకు తోలును ఒలిచి, లోపలి కొవ్వును మొద్దుకత్తితో గీకి, ఈకలు క్రిందుగ అట్టమీద పఱచి ఉప్పు చల్లి, నీడను ఆరబెట్టవలెను. ఎండకు పెట్టిన రంగు వెలయును. కొవ్వు మిగిలిన పురుగు పట్టును. ఆరిన తోలును నాఫ్తలీను గుండ్లతో డబ్బాలో మూయవలెను.

ఇక కట్టు విధము. ఉదాహరణకు గ్రీన్‌వెల్ ఈగను తీసికొనవచ్చును. 1854 మే నెలలో డర్హామునకు చెందిన గ్రీన్‌వెల్ అను మతాచార్యుడు ట్వీడు నదిలో ట్రౌట్లు ఒక పురుగును మ్రింగుచు తన ఈగలను ముట్టకుండుట చూచి, ఆ పురుగును పట్టి స్ప్రౌస్టను గ్రామమున జేమ్సు రైటు అను ఈగల పనివానికి చూపెను. రైటు దానికి సరియగు ఈగను కట్టెను. మఱునాడు చేపలు విరివిగ పడెను. దానికి వలసిన సరుకులు: 14వ నంబరు గాలము (నంబరు పెరిగినకొలది గాలము చిన్నది), పసుపు పట్టుదారము, సన్నని బంగారుతీగె, పైన చెప్పిన నల్లచార యెఱ్ఱయీక. రైటు కట్టినదానికి నల్లపిట్ట రెక్కముక్కలు కలవు; నేర్చుకొనువారు వానిని విడిచిపెట్టవచ్చును. పనిముట్లు గాలమును బిగించు చిన్న పట్టకము, కంసాలి శ్రావణమువంటి సన్నని పట్టుకారు, కత్తెర, సూది, ఇంతే.

పట్టుదారమునకు చెప్పులు కుట్టువారు వాడు నల్లమైనమును పట్టించవలెను. అప్పుడు పసుపు మాసి, పచ్చదనము కలిసిన గోధుమవన్నెకు తిరుగును. పురుగు ఒంటి రంగు అదియే. మైనము మానినవాని ఈగ పసుపుగనే యుండి చేపను మోసపుచ్చదు. గాలపు వంపును పట్టకమున బిగించి, దారమును కంటికి కొంచెము వెనుకనుండి మొదలిడి వంపువఱకు చుట్టు ప్రక్క చుట్టుగా పోనిచ్చి, అచ్చట తోకకై బిరుసైన పోగులు నాలుగైదింటిని, బంగారుతీగెను కట్టవలెను. తోక గాలపు కాడయంత పొడవుండిన చాలును. దారమును మరల ముందునకు చుట్టి, దానిమీద తీగెను ఎడముగ నాలుగైదు చుట్లు త్రిప్పి బిగింపవలెను.

ఇప్పుడు ఈక. దాని పోగు పొడవు గాలపు నోటి వెడల్పునకు ఒకటిన్నర రెట్లకు తగ్గక, రెండు రెట్లకు మించక యుండవలెను. మొదటి నూగును తీసివేసి, బోసి ఈనెను కంటి వెనుక కట్టి, కొనను పట్టుకారుతో పట్టి, గాలమునకు నిలువుగ, ఒక చుట్టుపై ఒకటి ఎక్కకుండ నాలుగైదు చుట్లు త్రిప్పవలెను. దారముతో కొనను బిగించి, మిగిలినది కత్తిరించి, దారపు కొననే దాని చుట్ల క్రిందుగ దూర్చి లాగి ముడి దాచవలెను. ముడిపై వార్నీషు బొట్టు ఒకటి వేసి, కంటిలోనికి దిగినదానిని సూదితో తీయవలెను.

క్రొత్తవారు చేయు పెద్దతప్పు కంటియొద్ద చోటు చాలకుండ కట్టుట. తల కట్టుటకు తావు లేక, ఈకపోగులు కంటిలో చిక్కి, ఏటియొద్ద దారము దూరక అల్లాడుదురు. ముందుగనే గోటిమొనయంత కాడను విడిచిపెట్టినయెడల ఈ బాధ లేదు.

వార్నీషు ఆరిన పిదప ఈగను జానెడెత్తునుండి నున్నని బల్లపై వదలవలెను. అది తోకమీదను ఈకపోగులమీదను నిలిచి, గాలపు వంపు బల్లకు తాకీ తాకక యుండవలెను. ప్రక్కకు ఒరగినచో తోకపోగులు సమముగ లేవు; ముక్కుపై వ్రాలినచో ఈక చుట్లు చాలలేదు. అట్టిదానిని బ్లేడుతో కోసి తీసివేసి, అదే గాలముమీద మరల కట్టవలెను.