చారానా అంటే ఎంత?



"చారానా కోడికి బారానా మసాలా" అన్న సామెత బోరబండలో చిన్నా పెద్దా అందరి నోటా వినిపిస్తుంది. కాలేజీకి వెళ్ళే మీ అబ్బాయిని అడిగి చూడండి, చారానా అంటే ఎంత అని. సామెత భావం అతనికి తెలుసు, లెక్క మాత్రం తెలియకపోవచ్చు. అతను పుట్టడానికి ఎంతో ముందే, 1957 ఏప్రిల్ 1న, మన దేశంలో రూపాయికి నూరు పైసల పద్ధతి వచ్చింది. అంతకు ముందు రూపాయికి 16 అణాలు. నిజాం కాలపు హాలీ సిక్కాకూ అదే లెక్క. చారానా అంటే నాలుగణాలు, మన పావలా. బారానా అంటే పన్నెండణాలు, ముప్పావలా. "పదహారణాల తెలుగు" అంటే ఏ కొరతా లేని నిండు రూపాయి వంటి తెలుగు అని. అణాలు పోయాయి, మాట మిగిలింది. పావలా నాణెం కూడా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. సంఘంలో అప్పు తీసుకున్న తల్లి "పావలా వడ్డీ" అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 రూపాయలు అని తడుముకోకుండా చెబుతుంది. పక్కనున్న కూతురు ఆ పావలాను చేత్తో పట్టుకుని ఎరుగదు.

ఊరి గుర్తులూ ఇంతే. "అమీర్‌పేటలో సత్యం థియేటర్ దగ్గర దిగు" అని తాతయ్య చెబితే మనవడు ఎక్కడని వెతకాలి? ఆ చోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది, 2023 జూన్‌లో అందులో కొత్త సినిమా హాళ్ళు తెరిచారు. ఆల్విన్ సంగతి ఇంకా ఆలోచించదగినది. పిల్లలకు అది ఒక కాలనీ పేరు, ఒక చౌరస్తా పేరు. కాని ఆల్విన్ అంటే 1942లో మొదలై, మన పక్కనే సనత్‌నగర్‌లో వేలమందికి కూడుపెట్టిన కర్మాగారం. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు ఆ పేరుతో దేశమంతా వెళ్ళాయి. 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వేరే కంపెనీ చేతికి పోయింది. సైరన్ మోతతో లేచి షిఫ్టుకు వెళ్ళిన నాన్నలు ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారు?

ఇక గుడి మాట. మన పెద్దలకు "విచారణ" అంటే తమ గుడి, తమ గురువు, తమ జనం. ఇంగ్లీషు మీడియం పిల్లలకు విచారణ అనగానే పోలీస్ స్టేషను గుర్తొస్తే నవ్వకండి, వాళ్ళు రోజూ పేపర్లో చదివే విచారణ అదే. ఎనభై దగ్గరపడిన అమ్మమ్మలు చిన్నతనంలో పూజను లతీనులో విన్నవారు. 1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ ఆరాధన గురించిన శాసనాన్ని ప్రకటించాకనే పూజ మన భాషలోకి రావడం మొదలైంది. అర్థం తెలియని భాషలో జవాబులు ఎలా కంఠస్థం చేశారో, ఊళ్ళో ఉపదేశి ఎలా నేర్పాడో మనవరాళ్ళకు తెలియదు. ఎందుకంటే అమ్మమ్మను ఎవరూ అడగలేదు.

"ఈ కాలం పిల్లలకు ఏమీ తెలియదు" అనడం తేలిక. వాళ్ళకూ ఒక జ్ఞాపకం ఉంది, అది మనం వినలేదు. 2020లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి రద్దయ్యాయి, అందరినీ పాస్ చేశారు. "పరీక్ష రాయకుండా పాసైనవాళ్ళు" అని ఈనాటికీ ఎగతాళి చేస్తాం. ఒక్క గది ఇంట్లో, ఒక్క ఫోను ముందు, అన్నా చెల్లెలు వంతులు వేసుకుని పాఠాలు విన్న ఆ నెలల గురించి వాళ్ళను ఎప్పుడైనా అడిగామా?

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం తీసి చదవండి. యోర్దాను నదిలోనుంచి 12 రాళ్ళు ఎత్తి గిల్గాలులో నిలబెట్టారు. అక్కడ ముందు అడిగేది పిల్లలు, జవాబు చెప్పేది పెద్దలు. మన ఇళ్ళలో ఇది తిరగబడింది. "ఇది తెలుసా? అది తెలుసా?" అని మనమే పరీక్ష పెడతాం, తెలియదంటే చిన్నబుచ్చుతాం. ఒకసారి సిగ్గుపడిన పిల్లవాడు మళ్ళీ అడగడు. అడగనివాడికి పన్నెండు రాళ్ళు కూడా దారికి అడ్డంగా ఉన్న రాళ్ళే.

ఈ ఆదివారం పూజ అయ్యాక ఇంట్లో పాత ఫోటోలు కిందికి దించండి. ఏ మాటా అనకుండా పిల్లల చేతికివ్వండి. "ఈయన ఎవరు?" అని వాళ్ళే అడుగుతారు. మీరు చెప్పేది ఫోటో వెనుక వాళ్ళచేతనే రాయించండి: పేరు, ఊరు, సంవత్సరం, ఆయన ఏం పని చేసేవాడో. తరువాత వాళ్ళ ఫోనులోని 2020 ఫోటోలు చూపమనండి. ఈసారి మీరు అడగండి.