డైనో షీట్‌లో హార్స్‌పవర్ ఎలా చదవాలి?

2020 టయోటా సుప్రా 3.0కి అమెరికాలో కంపెనీ చెప్పిన పవర్ 335 హార్స్‌పవర్. అది ఇంజిన్ దగ్గర లెక్క. ఛాసిస్ డైనో కొలిచేది చక్రాల దగ్గర. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు కొంత పవర్ తినేస్తాయి కాబట్టి అంకె తగ్గాలి కదా? కానీ ‘కార్ అండ్ డ్రైవర్’ టెస్టులో చక్రాల దగ్గరే 339 వచ్చింది!

వెంటనే చాలామంది 15 శాతం నష్టం కలిపేసి “ఇంజిన్ పవర్ 400” అంటారు. కంపెనీ తక్కువ చెప్పిందనే అనుమానం నాకూ ఉంది, కానీ ఈ 400ని మాత్రం నమ్మను. ఆ 15 శాతం ఆ కారు మీద కొలిచింది కాదు, వాడుకలో ఉన్న ఉజ్జాయింపు అంతే.

నేను ఫోన్ బెంచ్‌మార్క్ స్కోరు చూసినా ముందు టెస్ట్ ఎలా చేశారనే అడుగుతా. ఇక్కడా అంతే. షీట్‌లో కరెక్షన్ ఎస్‌ఏఈనా, ఎస్‌టీడీనా చూడండి. ఎస్‌టీడీ లెక్కలో గాలి చల్లగా, ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు తీసుకుంటారు, అందుకే అంకె దాదాపు 4 శాతం పెరుగుతుంది. ఎస్‌ఏఈలో 340 వచ్చిన రన్నే ఎస్‌టీడీలో 353 చూపిస్తుంది. ఒక్క బోల్టు కూడా విప్పకుండా 13 హార్స్‌పవర్!

ట్యూనింగ్‌కి డబ్బు కట్టే ముందు బేస్‌లైన్ రన్ తప్పకుండా తీయించండి. తర్వాతి రన్ కూడా అదే డైనో, అదే గేర్, అదే కరెక్షన్ మీద ఉండాలి. వీలైతే అదే రోజు.